గోలీ రేటులో ఎవరి వాటా ఎంత?

నమస్కారం. జీడిమెట్ల, బొల్లారంలో తయారైన మందుల ముడిసరుకు దేశదేశాలకు పోతుంది. అదే హైదరాబాద్‌లో నెలనెలా బీపీ, షుగర్ గోలీలు కొనేవాళ్లకు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఎందుకో లెక్కేద్దాం.

ఒక షీటు ఎంఆర్‌పీ 100 రూపాయలు అనుకోండి. 5 శాతం జీఎస్టీ పోతే 95 రూపాయల చిల్లర. ధరల నియంత్రణలో లేని మందైతే వాడుకలో మెడికల్ షాపుకు 20 శాతం, స్టాకిస్టుకు, అంటే టోకు వ్యాపారికి, 10 శాతం. కంపెనీకి చేరేది 68 పైచిలుకు. ముడిసరుకు, ప్యాకింగ్, లాభం, డాక్టర్ల దగ్గరికి తిరిగే ఎంఆర్‌ల (మెడికల్ రిప్రజెంటేటివ్‌ల) జీతాలు, శాంపిళ్లు, కాన్ఫరెన్సులు, అన్నీ అందులోంచే.

మరి ప్రభుత్వం రేటు కట్టడి చేయట్లేదా? చేస్తోంది, అసలు తిరకాసు అక్కడే ఉంది. 2022 అత్యావశ్యక మందుల జాబితాలో 384 మందులున్నాయి. వాటి గరిష్ఠ ధరకు తయారీ ఖర్చుతో పని లేదు. మార్కెట్లో 1 శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్లను షాపులకు ఏ రేటుకు ఇస్తున్నారో చూసి, సగటు తీసి, దానికి 16 శాతం కలుపుతారు. 2013 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వుకు ముందు తయారీ ఖర్చును బట్టి కట్టేవారు. ఇప్పుడు పెద్ద బ్రాండ్లు ప్రచారానికి పెట్టిన డబ్బు కూడా ఆ సగటులో కలిసిపోయి వస్తోంది. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు.

ఆ డబ్బు డాక్టర్ల చుట్టూనే ఎందుకు తిరుగుతుందంటే, చీటీ మీద రాసే పేరే అమ్మకం. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, జింక్ సప్లిమెంట్ కోసం డాక్టర్లకు బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు ఇచ్చిన కంపెనీ ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు అడిగింది. కోర్టు కుదరదంది. మందుల కంపెనీల ప్రచారంపై ప్రభుత్వం తెచ్చిన 2024 మార్చి నియమావళి బహుమతులు వద్దంది. ఒక్కో మందుకు ఒక డాక్టర్‌కు ఏడాదికి 12 శాంపిల్ ప్యాకులే అంది. ఫిర్యాదులు ముందుగా వినేది మాత్రం కంపెనీల సంఘాలు వేసుకున్న కమిటీలే. తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూశారుగా!

ఇక షాపులో. చీటీ మీద బ్రాండ్ రాసుంటే, అదే మందు చవకగా ఉన్నా షెడ్యూల్ హెచ్ మందును (డాక్టర్ చీటీ ఉంటేనే ఇచ్చేది) ఫార్మసిస్ట్ మార్చి ఇవ్వకూడదు, రూల్ అలా ఉంది. కాబట్టి అడగాల్సింది కౌంటర్ దగ్గర కాదు, డాక్టర్ గదిలోనే: "సార్, బ్రాండ్‌తో పాటు అసలు మందు పేరు కూడా రాయండి, జనఔషధిలో తీసుకుంటాను." జనఔషధి అంటే బ్రాండ్ లేని మందులు చవకగా అమ్మే ప్రభుత్వ పథకం షాపు. అక్కడ షీటు మీద మందు పేరు, మిల్లీగ్రాములు, ఎస్ఆర్ లాంటి అక్షరాలు మూడూ సరిపోల్చుకోండి. మెట్‌ఫార్మిన్ 500 మామూలుదీ, ఎస్ఆర్‌దీ ఒకటి కాదు. ఎస్ఆర్ నెమ్మదిగా కరుగుతుంది, దాన్ని విరిచి వేసుకోకూడదు.

ఇంకో సంగతి. మామూలు షాపుల్లో జెనరిక్ (పెద్ద బ్రాండ్ పేరు లేని మందు) అని ఇచ్చే షీట్లలో కొన్నిటి మీద ఎంఆర్‌పీ బ్రాండ్ దానికి దగ్గరగానే ఉంటుంది, మార్జినంతా షాపుకే. "డిస్కౌంట్ ఎంత?" అనొద్దు, "చివరికి ఎంత పడుతుంది?" అనండి. గరిష్ఠ ధర కావాలంటే ప్రభుత్వ యాప్ ఫార్మా సహీ దామ్‌లో వెతకండి.

థైరాయిడ్, ఫిట్స్ గోలీలను, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌ను మాత్రం రేటు చూసి సొంతంగా మార్చొద్దు. థైరాయిడ్ గోలీ బ్రాండ్ మారితే 6 నుంచి 8 వారాల తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి.