గోపాల్‌పూర్ దీపానికి కాస్త చీకటి కావాలి

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని బరంపురంలో బస్సెక్కితే కాసేపట్లో గోపాల్‌పూర్ సముద్రం. వచ్చినవాళ్లందరూ లైట్‌హౌస్ ముందు ఫొటోలు దిగుతారు. మా తాత మాత్రం, "అది ఒడ్డునున్నోళ్ల కోసం పెట్టింది కాదురా" అనేవాడు.

మాది ఇక్కడి తెలుగు జాలరి కుటుంబం. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. ఒకప్పుడు ఈ రేవు నుంచి రంగూన్‌కు ఓడలు వెళ్లేవి. అప్పట్లో మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అదంతా పెద్ద కథ, ఇంకో రోజు చెప్పుకుందాం. ఈ రోజు ఒక్క రాత్రి సంగతి చెబుతాను.

నాకప్పుడు పన్నెండేళ్లు. తాతతో వేటకు వెళ్లాను. అర్ధరాత్రి దాటాక గాలి మారింది, నీటి లాగుడుకు పడవ ఎటు పోయిందో తెలియలేదు. నాకు ఏడుపొచ్చేసింది. తాత నా తల పడమటికి తిప్పి, "చూడు" అన్నాడు. చూశాను. ఏమీ లేదు. మళ్లీ చూశాను. సన్నగా ఒక మెరుపు. "లెక్కపెట్టు" అన్నాడు. మళ్లీ మెరిసేదాకా లెక్కపెట్టాను. "ఇంకోసారి లెక్కపెట్టు." మళ్లీ లెక్కపెట్టాను. అదే లెక్క. "మన ఊరే" అని తెడ్డు అందుకున్నాడు.

పక్కపక్క లైట్‌హౌస్‌లకు మెరిసే తీరు ఒకటి కాకుండా చూస్తారు. మెరుపుకూ మెరుపుకూ మధ్య చీకటిని లెక్కపెడితే అది ఏ ఊరి దీపమో తెలిసిపోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దీపం ఎత్తున ఉండాలి. 30 మీటర్ల ఎత్తున వెలిగితే, పడవలో కూర్చున్న మనిషికి దాదాపు 25 కిలోమీటర్ల దాకా అందుతుంది.

ఇప్పుడు ఫోన్లో జీపీఎస్ ఉంది కదా అంటారు. ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు లేక ఫోన్లు చచ్చిపడి ఉన్న రోజులు మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు.

ఈ మధ్య మా తమ్ముడి పడవలో వెళ్లాను. రాత్రి ఒడ్డు వైపు చూస్తే గుండె బరువెక్కింది. హోటళ్ల లైట్లు, రోడ్డు లైట్లు, ఫ్లడ్ లైట్లు. వాటి మధ్య మన దీపాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. టవర్‌ని చూసుకోవడానికి ప్రభుత్వ శాఖ ఉంది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం పోయి 2021లో కొత్త చట్టం కూడా వచ్చింది. దీపం చుట్టూ ఉన్న చీకటిని చూసుకోవాల్సింది మాత్రం ఒడ్డున ఇల్లున్న మనమే.

తాబేళ్లకూ ఇదే కష్టం. ఉత్తరాన రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఇసుకలోంచి బయటికొచ్చే ఆలివ్ రిడ్లే పిల్లలు వెలుతురున్న వైపే నడుస్తాయి. పూర్వం ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు కరెంటు దీపాలు చూసి రోడ్డు వైపు పోతున్నాయి.

లైట్లు తీసేయమని నేననను. ఆడపిల్లలు తిరిగే దారి, వెలుతురు ఉండాలి. బల్బు కిందికి చూడాలి, సముద్రం వైపు మూతపడాలి, అంతే. మా వరండా బల్బుకి నూనె డబ్బా రేకు కత్తిరించి, వంచి, రెండు మేకులతో బిగించాను. గడప మీద వెలుతురు అలాగే ఉంది. పడవలోంచి చూసి తమ్ముడు చెప్పాడు, మా ఇల్లు కనబడటం లేదట.