ముక్కు మీద క్యాన్సర్: ఎంత కోయాలి, ఎక్కడ ఆపాలి?

హోస్ట్: అక్కా, ముక్కు మీద క్యాన్సర్ అనగానే ఇక ముక్కే తీసేస్తారేమో అని హడలిపోతారు మనవాళ్లు.

డాక్టర్: ఆ భయం తగ్గించేదే మోస్ సర్జరీ. ఎక్కువమందికి వచ్చేది బేసల్ సెల్ క్యాన్సర్, అంటే చర్మం పై పొర అడుగు కణాల్లో మొదలయ్యేది, అది వేరే అవయవాలకి పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఉన్నచోటే తినేసుకుంటూ పోతుంది. మామూలు ఆపరేషన్‌లో గడ్డ చుట్టూ ఓ 4 మిల్లీమీటర్లు మంచి చర్మం కూడా కలిపి తీసేస్తారు. వీపు మీదైతే పోనీలే, కనురెప్ప మీద అంత పోతే ఎలా?

హోస్ట్: మరి మోస్‌లో?

డాక్టర్: లోకల్ మత్తిచ్చి, కత్తి 45 డిగ్రీలు వాల్చి, పల్చగా ఒక పొర తీస్తాం. ముక్కకి అంచుల్లో రంగులు పూస్తాం, ఒక పక్క నీలం, ఇంకో పక్క ఎరుపు, ముఖం మీద ఏ వైపుదో తెలియాలి కదా, మ్యాప్ కూడా గీసుకుంటాం. తర్వాత దాన్ని అణిచి, అంచులూ అడుగూ ఒకే మట్టంలోకి తెచ్చి, ఫ్రీజ్ చేసి, పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తాం, కోసిన డాక్టరే స్లైడూ చదువుతారు, అసలు బలం అక్కడే ఉంది. నీలం వైపు, గడియారంలో 3 అంకె ఉండే చోట క్యాన్సర్ కనిపించిందనుకో, అక్కడే ఇంకో పొర, మిగతా చోట చెయ్యే పెట్టం.

హోస్ట్: మామూలు ల్యాబ్‌లో చూడరా ఇదంతా?

డాక్టర్: చూస్తారు, కానీ బ్రెడ్ కోసినట్టు నిలువుగా కోస్తారు, ముక్కకీ ముక్కకీ మధ్యది ఎవరూ చూడరు, మొత్తం అంచులో 1 శాతం కూడా కనపడదు. మోస్‌లో దాదాపు అంతా కనపడుతుంది, అందుకే మొదటిసారి వచ్చిన బేసల్ సెల్‌కి ఐదేళ్ల లెక్కలో 99 శాతం దాకా నయమవుతుంది.

హోస్ట్: మోస్ అంటే మనిషి పేరేనా?

డాక్టర్: ఆ, ఫ్రెడరిక్ మోస్, విస్కాన్సిన్ యూనివర్సిటీ. 1930ల్లో స్టూడెంట్‌గా ఉన్నప్పుడే మొదలెట్టాడు, 1941లో పేపర్ వేశాడు. అప్పట్లో కోసే ముందు కణజాలం గట్టిపడేలా జింక్ క్లోరైడ్ పేస్టు పూసేవాళ్లు, నొప్పి భరించలేరు పాపం, పొరకో రోజు పట్టేది. 1970ల నుంచి పేస్టు లేకుండా చేసే పద్ధతి బాగా వ్యాపించింది, ఇప్పుడు రౌండ్‌కి సుమారు గంట.

హోస్ట్: మెలనోమాకి కూడా ఇదేనా?

డాక్టర్: మెలనోమా అంటే చర్మానికి రంగిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అన్నిటికీ కాదు. ఫ్రీజ్ చేసిన స్లైడ్‌లో ఆ కణాలు గుర్తుపట్టడం కష్టం, స్పెషల్ స్టెయిన్లు, అంటే కణాలు బయటపడేలా వేసే రంగులు కావాలి. ఇంకోటి, మన రంగు చర్మంలో బేసల్ సెల్ చాలాసార్లు నల్లగా వస్తుంది, పుట్టుమచ్చేలే అని వదిలేస్తారు, పుండై మానకపోతే చూపించుకోండి.

హోస్ట్: చేయించుకునేవాళ్లకి ఏం చెప్తారు?

డాక్టర్: శుభ్రంగా టిఫిన్ తినే రండి, ఎక్కువసేపు వెయిటింగ్ రూమ్‌లోనే. రక్తం పల్చబడే మందులు మాత్రం సొంతంగా ఆపేయకండి, ముందు మమ్మల్ని అడగండి.