ఐదేళ్లు ఆగమంటే కాన్పు ఆగుతుందా?

అందరికీ నమస్కారం. వలస వచ్చిన మహిళల గర్భధారణ ఆరోగ్యం అనగానే తిండి గురించో, ఐరన్ మాత్రల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. అవి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చట్టాల గురించి, భయం గురించి మాట్లాడదామని వచ్చాను.

2008 మే 12న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో, ఒక మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. ఒక్కరోజులో 389 మంది అరెస్టయ్యారు. ఆ తర్వాతి 37 వారాల్లో రాష్ట్రమంతటా పుట్టిన పిల్లల వివరాలను పరిశోధకులు ఏడాది ముందు అదే కాలంతో పోల్చి, 2017లో ప్రచురించారు. లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) తల్లులకు బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టే ముప్పు 24 శాతం పెరిగింది. లాటినాలు కాని తెల్లజాతి తల్లుల్లో అలాంటి మార్పేమీ లేదు.

నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. అమెరికాలోనే పుట్టిన లాటినా తల్లుల్లోనూ ముప్పు పెరిగింది. వాళ్లు ఆ దేశ పౌరులు, వాళ్లను ఎవరూ పంపించేయలేరు. మరి భయం దేనికి? తనకు ఆ దేశంలో ఉండటానికి కాగితాలున్నా భర్తకో, తోడికోడలికో లేకపోవచ్చు. పైగా రోడ్డు మీద ఆపేవాడు ముందు మొహం చూస్తాడు, కాగితం తర్వాత అడుగుతాడు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆరు నెలల్లో కాలిఫోర్నియాలో అరబ్బీ పేర్లున్న మహిళల కాన్పుల్లోనూ ఇలాంటి తేడానే కనిపించింది. ఆ దాడులతో ఆ ఆడవాళ్లకు ఏ సంబంధమూ లేదు. ఉన్నది పేరొక్కటే.

భయం ఒంట్లోకి ఎలా దిగుతుంది? దీర్ఘకాలం ఆందోళనలో ఉంటే కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. మాయ (ప్లాసెంటా) వాటిలో చాలావరకు అడ్డుకుంటుంది కానీ పూర్తిగా ఆపలేదు. నిద్ర పట్టదు, బీపీ లెక్క తప్పుతుంది. బయటికి రావడానికే జంకితే చెకప్‌లు పోతాయి. ‘టెన్షన్ పడకమ్మా’ అని మనం సులువుగా అనేస్తాం. ఆ టెన్షన్ పుట్టేచోటు మాత్రం ఆమె చేతుల్లో లేదు.

ఇక చట్టం సంగతి. అమెరికాలో 1996లో వచ్చిన సంక్షేమ చట్టం ప్రకారం, గ్రీన్ కార్డు వచ్చినవాళ్లలో చాలామంది ఫెడరల్ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కోసం ఐదేళ్లు ఆగాలి. గర్భం తొమ్మిది నెలలే కదా! గర్భిణులకు ఈ గడువు ఎత్తేసే వీలు రాష్ట్రాలకు 2009లో గానీ రాలేదు. అదీ ఆ రాష్ట్రం ఒప్పుకుంటేనే. కాగితాలు లేనివాళ్లకైతే అత్యవసర మెడికెయిడ్ కాన్పు ఖర్చు ఇస్తుంది, నెలనెలా చూపించుకోవడానికి ఇవ్వదు. అంటే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాక డబ్బు దొరుకుతుంది, బీపీ చూడటానికి దొరకదు. 2002లో ఇంకో దారి తెరిచారు. రాష్ట్రాలు కడుపులోని బిడ్డ పేరిట బీమా ఇవ్వొచ్చు. బిడ్డ పుట్టగానే చాలాచోట్ల ఆ తల్లికి బీమా తెగిపోయేది. బిడ్డను మోస్తున్నంతసేపే ఆమె లెక్కలోకి వచ్చిందన్నమాట.

బ్రిటన్‌లోని ఇంగ్లండ్‌లో ఇంకో పద్ధతి. ఉచిత వైద్యానికి అర్హత లేని గర్భిణికైనా ఆసుపత్రి కాన్పు సేవలు నిరాకరించకూడదు, ఆలస్యం చేయకూడదు. వినడానికి బాగుంది. కానీ బిల్లు మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వస్తుంది. బాకీ 500 పౌండ్లు దాటి రెండు నెలలు తీరకపోతే ఆ కబురు వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకు వెళ్లొచ్చు. ఇది తెలిశాక ఎవరు మూడో నెలలోనే వెళ్లి పేరు రాయించుకుంటారు?

రిసెప్షన్ కిటికీ దగ్గర నిలబడిన ఒకామెను ఊహించుకోండి. పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది. అడ్రస్ గడి దగ్గర పెన్ను ఆగింది. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి ముప్పై వారాలు దాటాయి. 24 నుంచి 28 వారాల మధ్య చేయాల్సిన షుగర్ పరీక్ష సమయం గడిచిపోయింది. డాక్టరు మొదటి ప్రశ్న: ‘ఇంత ఆలస్యంగా వచ్చావేం?’ పక్కన భాష తెలిసినవాడు భర్త ఒక్కడే. ‘ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా’ అన్న ప్రశ్న అతని నోటి గుండా ఎలా అడుగుతారు? ఆమె వీసా కూడా అతని ఉద్యోగం మీద ఆధారపడి ఉంటే జవాబు ముందే ఖాయం. అందుకే దుబాసీని ఆసుపత్రే పెట్టాలంటాను. అది దయ కాదు, వైద్యంలో భాగం.

మార్చితే ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది. ఒరెగాన్ రాష్ట్రం 2008 నుంచి 2013 వరకు ఒక్కో కౌంటీలో (మన జిల్లా లాంటిది) కాగితాలు లేని గర్భిణులకూ చెకప్‌ల ఖర్చు ఇస్తూ పోయింది. అలా విడతలుగా చేయడం వల్ల పోల్చి చూడటం వీలైంది. చెకప్‌లు పెరిగాయి, షుగర్ పరీక్షలు, స్కానింగ్‌లు పెరిగాయి, శిశు మరణాలు తగ్గాయి. ఆడవాళ్లు వాళ్లే, మారింది నియమం.

దీనికి డబ్బెక్కడిదని ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఐసీయూలో వారాల తరబడి ఉంచితే అయ్యే ఖర్చుతో మొదలుపెట్టి మాట్లాడుకుందాం. మైకు అటు ఇవ్వండి.