అటక మీది బిందె ఎవరిది?

యాంకర్: ఈ వారం మన టాపిక్ వంశవృక్షం. స్టూడియోలో చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్ (సూర్యాపేట): నమస్తే మేడమ్, నమస్తే సార్. మా వంశం గురించి రాద్దామని కూర్చున్నా. మా నాయనమ్మకు తొంభై దగ్గర పడ్డాయి. "మీ అత్త పేరేంది, వాళ్ళత్త పేరేంది" అంటే రెండు నిమిషాలకే "నా పానం తినకే" అంటుంది. పిల్లలైతే నోట్‌బుక్ చూడగానే పరార్.

మాస్టారు: (నవ్వు) జనాభా లెక్కల వాళ్ళలా అడిగితే ఎవరికైనా విసుగే కదమ్మా. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టండి. ఇంట్లో పాత సామాన్లేమన్నా ఉన్నాయా?

కాలర్: అటక మీద ఇత్తడి బిందెలున్నాయి సార్. మొన్న ఒకటి దించి చింతపండుతో తోమితే, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరొకటి బయటపడింది. మా నాయనమ్మ పేరు కాదు. కింద "విక్రమ" అని ఉంది. మా ఇంట్లో ఆ పేరు గలవాళ్ళే లేరు.

మాస్టారు: అది మనిషి కాదమ్మా, సంవత్సరం! విక్రమ నామ సంవత్సరం 60 ఏళ్ళకోసారి వస్తుంది. అంటే 1940 ఉగాది నుంచి 1941 ఉగాది లోపు. కాదంటే 1880. నాయనమ్మ ఎప్పుడు పుట్టారు?

కాలర్: తెలీదు సార్. పోలీస్ యాక్షన్ అప్పుడు పన్నెండేళ్ళ పిల్లనంటుంది.

మాస్టారు: హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం వచ్చినప్పుడు కదా, అది 1948 సెప్టెంబరు. అంటే 1940లో ఆవిడకు నాలుగేళ్ళు. ఆవిడ కాపురానికి రాకముందే చేయించిన బిందె అన్నమాట! అది ముందు ఎవరితో వచ్చిన సారెయో అడగండి. మీరు కాదు, మీ పాపతో అడిగించండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టుకోండి. ఆ తర్వాత తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే అప్పటి భూమి రికార్డు, నకలు తీసుకోండి, మగవాళ్ళ పేర్లు దానితో సరిచూసుకోవచ్చు. ఆడవాళ్ళ పేర్లు మాత్రం పహాణీల్లో కంటే బిందెల మీదే ఎక్కువ దొరుకుతాయి.

యాంకర్: రాజమండ్రి నుంచి మరో కాలర్.

కాలర్ (రాజమండ్రి): నమస్కారమండి. గయలో పిండప్రదానాలు చేయించే పండాల దగ్గర మన పూర్వీకుల పేర్లుంటాయంటారు, నిజమేనాండీ?

మాస్టారు: నిజమేనండి, మీ వాళ్ళెవరైనా అక్కడికి వెళ్ళి ఉంటే. పండాలు ప్రాంతాలవారీగా పెద్ద పుస్తకాలు రాసుకుంటారు. ఇప్పుడున్న ఊరు కాదు, ముత్తాతల ఊరు చెప్పాలి. ఇంటిపేరు, గోత్రం కూడా. అసలు మీ ఇంట్లో తద్దినాలు పెడతారా?

కాలర్: నాన్నగారు పెడతారండి.

మాస్టారు: అయితే మూడు తరాలు మీ చేతిలో ఉన్నట్టే. తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో పాటు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లూ చెప్పిస్తారు. ముందు నాన్నగారిని అడిగి అవి రాసుకోండి, తర్వాత గయ టికెట్ కొనండి.

యాంకర్: సూర్యాపేట అమ్మ మళ్ళీ లైన్లోకి వచ్చారు. చెప్పండమ్మా!

కాలర్ (సూర్యాపేట): సార్, నాయనమ్మ రేడియోలో అంతా విన్నది...

(వెనక నుంచి పెద్దావిడ గొంతు): అది మా పెద్ద తోడికోడలిదే! నిన్ను అటకెవరెక్కమన్నరు? సొట్ట పడలేదు గదా?

మాస్టారు: అమ్మా, రికార్డింగ్! రికార్డింగ్ ఆన్ చేయండి!