అదే మందు, వేరే బిళ్ళ: మెనోపాజ్ దాటిన మహిళలపై ఈ పరీక్షలు ఎందుకు?

నమస్కారం. ఈ రోజు ఒక ప్రత్యేకమైన రకం క్లినికల్ ట్రయల్స్ గురించి మాట్లాడుకుందాం. వీటిలో జబ్బు తగ్గిందా లేదా అని ఎవరూ చూడరు. ఎందుకంటే పాల్గొనేవాళ్లకు అసలు జబ్బే ఉండదు. అందరూ ఆరోగ్యంగా ఉన్న, మెనోపాజ్ దాటిన మహిళలు. ఒకే మందును రెండు రకాల బిళ్ళలుగా తయారు చేసి ఇస్తారు. ఏ బిళ్ళ వేసుకుంటే మందు రక్తంలోకి ఎంత చేరింది, ఎంత త్వరగా చేరింది, అది మాత్రమే కొలుస్తారు. ఈ ట్రయల్స్ పేర్లు చదివితే నిద్రొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వెనకున్న ఆలోచన భలే ఉంటుంది.

మందు అదే, డోసు అదే. బిళ్ళ తయారీ మారితే ఏమవుతుందిలే అనిపిస్తుంది కదా? 1968లో ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో చూడండి. మూర్ఛకు ఫెనిటోయిన్ క్యాప్సూళ్లు వాడుతున్న చాలామందికి ఉన్నట్టుండి మందు ఎక్కువైన లక్షణాలు మొదలయ్యాయి. డాక్టర్లు డోసు పెంచలేదు, రోగులు ఎక్కువ మింగలేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, క్యాప్సూల్ నింపడానికి వాడే పొడి మారింది. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ వాడేవారు, దాని బదులు లాక్టోజ్ పెట్టారు. కాల్షియం ఉన్నప్పుడు మందులో కొంత ఒంటబట్టేది కాదు. డాక్టర్లు తమకు తెలియకుండానే ఆ లోటుకు తగ్గట్టు డోసు కట్టారు. పొడి మారగానే అదే డోసు ఎక్కువైపోయింది.

మింగిన బిళ్ళ ముందు విడిపోవాలి, కరగాలి, పేగు గోడ దాటాలి, ఆపైన కాలేయం చేతుల్లోంచి తప్పించుకోవాలి. మందు రేణువులు ఎంత సన్నగా ఉన్నాయి, స్ఫటికం ఏ రూపంలో ఉంది, పైన పూత ఏమిటి, ఇవన్నీ మొదటి మెట్లను మారుస్తాయి. చివరి మెట్టు మీద మాత్రం ఫార్ములేషన్‌కు, అంటే బిళ్ళ తయారీ తీరుకు, పెద్దగా పట్టుండదు. ఎముకలు గుల్లబారే జబ్బుకు ఇచ్చే రలాక్సిఫీన్‌నే తీసుకోండి. మింగినదాంట్లో సుమారు 60 శాతం పేగు నుంచి లోపలికి వెళ్తుంది. కానీ రక్తంలో అసలు రూపంలో తిరిగేది 2 శాతమే. మిగతాదాన్ని పేగు గోడ, కాలేయం దారిలోనే మార్చేస్తాయి. కాబట్టి కొత్త బిళ్ళ చేశామని చెప్పినప్పుడు, అది ఏ మెట్టును బాగు చేసిందో అడగడం మంచిది.

సరే, మరి మెనోపాజ్ దాటిన మహిళలే ఎందుకు? ఒక కారణం సూటిగానే ఉంది. ఆస్టియోపోరోసిస్ మందులు, హార్మోన్ మందులు, రొమ్ము క్యాన్సర్ మందుల్లో చాలావాటిని వాడేది ఎక్కువగా ఈ వయసు మహిళలే. ఇంకో కారణం గర్భం. కడుపులో బిడ్డకు హాని చేసే మందు అయితే గర్భం వచ్చే అవకాశం లేనివాళ్ల మీద పరీక్షించడం సురక్షితం. గర్భిణులు వేసుకున్న థాలిడమైడ్ మందు వల్ల బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన విషాదం తర్వాత ఈ భయం ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లలు కనే వయసు మహిళలను తొలిదశ ట్రయల్స్ నుంచే పక్కన పెట్టమంది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చే కారణం కొలతకు సంబంధించినది. ఎస్ట్రాడయాల్ బిళ్ళను పరీక్షిస్తున్నారనుకోండి. అది ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోనే. నెలసరి వచ్చే మహిళలో దాని స్థాయి రోజురోజుకీ మారుతుంది, చక్రం మధ్యలో మిల్లీలీటరుకు కొన్ని వందల పికోగ్రాములకు ఎక్కుతుంది. అందులో బిళ్ళ నుంచి వచ్చింది ఎంతో, ఒంట్లోనే పుట్టింది ఎంతో ఎలా విడదీస్తారు? మెనోపాజ్ తర్వాత ఆ స్థాయి సాధారణంగా 20 లోపుకు పడిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాట వినపడ్డట్టు, బిళ్ళ చేసిన పని స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు కూడా బిళ్ళ వేసే ముందు కొన్ని శాంపిళ్లు తీసి, ఆ సగటును తర్వాతి లెక్కల్లోంచి తీసేస్తారు. పీరియడ్స్ ఆగి పన్నెండు నెలలు దాటాయా అని అడగడమే కాకుండా, చాలా ట్రయల్స్‌లో, మెనోపాజ్ తర్వాత బాగా పెరిగే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష కూడా చేసేది అందుకే.

పద్ధతి సాధారణంగా క్రాసోవర్. ప్రతి వాలంటీర్ రెండు బిళ్ళలూ వేసుకుంటుంది. ఎవరికి ఏది ముందు అన్నది లాటరీ లాగా నిర్ణయిస్తారు. అంటే పోలిక ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఉండదు, ఆమెకు ఆమే పోలిక. మధ్యలో మొదటి మందు పూర్తిగా పోయేదాకా ఆగుతారు, కనీసం ఐదు అర్ధాయువుల కాలం (రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం ఒక అర్ధాయువు). రాత్రంతా ఉపవాసం, పొద్దున ఒక గ్లాసు నీళ్లతో బిళ్ళ, తర్వాత నాలుగు గంటల వరకు తిండి లేదు. గంటల తరబడి రక్తం తీస్తూనే ఉంటారు. చూసేది రెండు అంకెలు: మందు అత్యధికంగా చేరిన స్థాయి, మొత్తం మీద ఒంటికి అందిన మోతాదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. రెండు బిళ్ళలు సమానమే అనడానికి, కొత్త బిళ్ళ అంకె పాతదాని అంకెలో 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలనే హద్దు వాడతారు. దాంతో "ఇరవై శాతం మందు తక్కువున్నా పాస్ చేసేస్తారు" అని ప్రచారం. అది తప్పు. సగటు ఒక్కటీ ఆ హద్దులో పడితే చాలదు, దాని చుట్టూ వేసే 90 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండగల పరిధి, మొత్తం లోపలే ఉండాలి. సగటు 80 దగ్గర ఉంటే అంతరంలో సగం బయటికి పోయి ఫెయిలవుతుంది. పైహద్దు 120 కాకుండా 125 ఎందుకంటే, లెక్క నిష్పత్తుల్లో జరుగుతుంది. వందను ఎనభైతో భాగించండి, 1.25, అంటే 125 శాతం వస్తుంది.

ఇప్పుడు తిండి సంగతి. ఆస్టియోపోరోసిస్‌కు ఇచ్చే అలెండ్రోనేట్‌ను పరగడుపున వేసుకున్నా ఒంటబట్టేది ఒక శాతం కన్నా తక్కువే. మెనోపాజ్ దాటిన 49 మంది మహిళల మీద చేసిన పరీక్షలో, టిఫిన్‌కు రెండు గంటల ముందు వేసుకున్నప్పటితో పోలిస్తే, అరగంట లేదా గంట ముందు వేసుకుంటే అది సుమారు 40 శాతం తగ్గింది. టిఫిన్‌తో పాటే వేసుకుంటే దాదాపు ఏమీ అందదు. ఈ జాతి మందులు కాల్షియం కనిపిస్తే అతుక్కుపోతాయి మరి. అదే కుటుంబంలోని రిసెడ్రోనేట్‌కు 2010లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త బిళ్ళ ఈ చిక్కుకు సమాధానం వెతికింది. చిన్నపేగు చేరేదాకా కరగని పూత, లోపల కాల్షియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ అనే రసాయనం. అందుకే దాన్ని టిఫిన్ తిన్న వెంటనే వేసుకోమంటారు. పరగడుపున వేసుకుంటే కడుపునొప్పి ఎక్కువ కాబట్టి వద్దంటారు. మందు ఒకటే, సూచన మాత్రం తలకిందులు.

ఇంత మెచ్చుకున్నాక నాకున్న అభ్యంతరం కూడా చెప్పాలి. మెనోపాజ్ అనే షరతు కన్నా "ఆరోగ్యవంతులు" అనే షరతే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వాలంటీర్లు వేరే మందులేవీ వాడకూడదు. నిజంగా ఆ మందు వాడబోయే అరవై, డెబ్బై ఏళ్ల మహిళల్లో ఎంతోమంది ఎసిడిటీ మాత్రలు వేసుకుంటుంటారు. కడుపులో ఆమ్లం తగ్గితే, ఆమ్లంలోనే బాగా కరిగే మందులు సరిగ్గా కరగవు. రెండు బిళ్ళలు ఆరోగ్యవంతుల్లో సమానంగా కనిపించి, ఈ పరిస్థితిలో తేడా చూపించవచ్చు. కొన్ని కంపెనీలు ఎసిడిటీ మాత్రతో కలిపి మరో పరీక్ష చేస్తాయి. కొత్త ఫార్ములేషన్ ఫలితాలు వచ్చినప్పుడు నేను ముందుగా వెతికేది ఆ పరీక్ష చేశారా లేదా అనే. మందును చిన్న వయసు మహిళలకో, మగవాళ్లకో కూడా ఇవ్వబోతుంటే, వాళ్ల రక్తంలో కొలిచిన అంకెలు ఎక్కడున్నాయని కూడా చూస్తాను.