రొట్టె కోసివ్వమంటారా అని అడిగితే నాకు అర్థం కాలేదు

నమస్తే అండి. జర్మనీకి వచ్చిన మొదటి వారం సంగతి చెబుతాను. చేతిలో జర్మన్ భాష బీ1 సర్టిఫికెట్, అంటే మధ్యస్థాయి సర్టిఫికెట్, ఉంది కదా అన్న ధైర్యంతో బేకరీకి వెళ్ళాను. నేర్చుకున్న వాక్యంతో, తప్పు లేకుండా రొట్టె అడిగాను. కౌంటర్ దగ్గరున్నావిడ ఒక్కటే మాట అంది, "గెష్నిట్టెన్?" అని. ముక్కలు కోసివ్వాలా అని అడుగుతోంది. నాకు అందలేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. టెన్షన్‌లో తల ఊపేసి, డబ్బులిచ్చి బయటపడ్డాను.

నిజానికి ఆ మాట నాకు వచ్చు. కోయడం అనే క్రియ మూడు రూపాలూ ష్నైడెన్, ష్నిట్, గెష్నిట్టెన్ అని ఎన్నిసార్లు అప్పజెప్పానో లెక్కలేదు. పట్టికలో బట్టీ పట్టిన మాట మనిషి నోట వినబడేసరికి గుర్తుపట్టలేకపోయాను.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. హైదరాబాద్‌లో అన్ని నెలలు కోచింగ్‌కి వెళ్ళాను కానీ, నాకేం కావాలో ఒక్కరోజైనా నేను తేల్చుకోలేదు. ఏం చదవాలో పుస్తకం చెప్పింది, ఎంత వచ్చిందో పరీక్ష చెప్పింది. మా సారు చక్కగానే చెప్పారు. ఇంపార్టెంట్ ప్రశ్నలకి టిక్కులు పెట్టించుకుని చదివే అలవాటు మనకి బడి నుంచే ఉంది. పదేళ్ళు ఇంగ్లిష్ చదివి కూడా, అవతల ఎవరైనా ఇంగ్లిష్‌లో మాట్లాడితే ఫోన్ పక్కవాళ్ళ చేతిలో పెట్టేస్తాం.

ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో హెన్రీ హోలెక్ అనే భాషాబోధన నిపుణుడు పనిచేశారు. 1979లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే యూరప్ దేశాల సంస్థ కోసం ఆయన ఒక నివేదిక రాశారు. ఏం నేర్చుకోవాలి, ఎలా, ఎంత వేగంగా, చివరికి వచ్చిందా లేదా, ఇవన్నీ నేర్చుకునే మనిషే చూసుకోగలగాలన్నారు. అది పుట్టుకతో రాదు, అలవాటు చేసుకోవాలి అని కూడా అన్నారు. నాకు ఊపిరి పోసింది ఆ రెండో మాటే.

అలాగని టీచర్ అక్కర్లేదని అనుకోకండి. డెన్మార్క్‌లో లెనీ డామ్ అనే టీచరమ్మ 1970ల నుంచీ పిల్లలకి ఇంగ్లిష్ ఈ పద్ధతిలోనే నేర్పారు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక లాగ్‌బుక్. తారీఖు వేసి, ఇవాళ ఏం చేద్దామనుకున్నదీ, అది ఎలా సాగిందీ వాళ్ళే ఇంగ్లిష్‌లో రాసుకోవాలి. ఆవిడ పక్కనే ఉండేవారు. బడిపిల్లలు చేశారంటే మనమూ చేయగలం.

ఇదిగోండి, నా నోట్‌బుక్ కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. ఈ పేజీ చూడండి. "మంగళవారం. పని: మందుల షాపులో దగ్గు మందు అడగాలి. జరిగింది: అడిగాను. పొడి దగ్గా, కఫం వస్తోందా అన్నారు. ట్రోకెన్ అందింది, ష్లైమ్ అందలేదు. రేపు: ఈ రెండు మాటలూ పక్కింటి పెద్దావిడ చేత పలికించుకుని వినాలి." ఇంతే, నాలుగు లైన్లు. పక్కనున్న కొట్టివేతలు కూడా అలాగే ఉంచాను. ఎక్కడ తడబడ్డానో అవే చెబుతాయి.

వారం వారం ఈ పేజీలు ఫోటో తీసి హైదరాబాద్‌లో మా సారుకి పంపుతున్నాను. ఇప్పుడు ఆయన ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టగానే పుస్తకం తెరవరు. "ఈ వారం ఎక్కడ ఆగిపోయావమ్మా?" అని అడుగుతారు.