కిర్రుమన్నది చక్రం కాదు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎండలో బండ్లు నడుపుకుంటూ వచ్చిన మీ అందరికీ మరోసారి నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు 'పాత కార్ల సంరక్షణ' అని చాలా పెద్ద విషయం ఇచ్చారు, ఇరవై నిమిషాలు మాత్రమే ఇచ్చారు. బ్రేకులు, ఇంజిన్, బ్యాటరీ, తుప్పు, టైర్లు అంటూ నాలుగు పేజీలు రాసుకొచ్చాను. మొదటి పేజీ బ్రేకులది. అది దాటి రెండో పేజీ తిప్పుతానన్న నమ్మకం నాకైతే లేదు. ఎందుకంటే బ్రేకుల దగ్గర నాకో పాత బాకీ ఉంది. ఇవాళ మైకు దొరికింది కాబట్టి తీర్చుకుంటాను.

నా కారు వయసు ఇరవై రెండేళ్లు. కొన్నేళ్ల కిందట ఒక రోజు బ్రేకు తొక్కితే "కిర్ర్" అంది. పెద్ద చప్పుడేం కాదు, పాత తలుపు తీసినట్టు. వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. బ్రేకు, చప్పుడు అని రెండు మాటలు నా నోట్లోంచి రాగానే ఆ అబ్బాయి చక్రం దగ్గర కూర్చున్నాడు. "ప్యాడ్లు అయిపోయాయి సార్" అన్నాడు. ప్యాడ్లంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుని, అంటే లోహపు పళ్లేన్ని, రెండు పక్కలా పట్టి ఆపే దిమ్మలు. కొత్తవి వేశాడు. రెండు రోజులు చప్పుడు లేదనిపించింది. నిజానికి డబ్బు ఖర్చు పెట్టినవాడి చెవులు రెండు రోజులు సరిగ్గా పనిచేయవు. మూడో రోజు మళ్లీ కిర్ర్. రెండోసారి వెళ్తే డిస్కులు లేతు యంత్రంలో పట్టించి చదును చేయాలన్నారు, చేయించారు. మూడోసారి వెనక చక్రాల డ్రమ్ములు విప్పి, వాటిని లోపలినుంచి ఒత్తి ఆపే షూలు మార్చారు. నాలుగోసారి వెళ్లేసరికి మార్చడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు అన్నాడండీ ఆ మాట. "పాత బండి కదా సార్, అలాగే ఉంటుంది."

ఈ మాట విననివాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. ఉండండి, వెనక వరసలో ఒక బాబు ఎత్తాడు. నీ బండి వయసెంత బాబూ? ఆరేళ్లా? అయితే ఇంకో నాలుగేళ్లు ఆగు, నువ్వూ వింటావు.

అసలు సంగతి కనిపెట్టింది మా ఆవిడ. ఒక సాయంత్రం బయటికి వెళ్లాలి. నేను ముందే వచ్చి కారులో కూర్చున్నాను. ఇంజిన్ వేయలేదు. ఆవిడ తలుపుకి తాళం వేసి వచ్చేలోపు తోచక కాలు ఆడిస్తున్నాను. ఆ కాలు బ్రేకు మీద ఉంది. కిర్ర్, కిర్ర్. ఆవిడ కారు దగ్గరికొచ్చి ఆగిపోయి, "ఏమండీ, బండి కదలకుండానే చక్రం ఎలా అరుస్తోంది?" అంది.

నాలుగుసార్లు వర్క్‌షాపు మెట్లెక్కి నేనడగాల్సిన ప్రశ్న అది. నేనూ అడగలేదు, వాళ్లూ అడగలేదు. తిరగని డిస్కు మీద ప్యాడు రాసుకోదు. రాసుకోనిదే కీచుమనదు. ఇంత చిన్న లెక్క.

టార్చి లైటు పట్టుకుని, స్టీరింగు కింద తలకిందులుగా దూరి చూశాను. నడుం పట్టేసింది, అది వేరే కథ. బ్రేకు పెడల్ అంటే మనం పాదం పెట్టే రబ్బరు ముక్క ఒక్కటే కాదు. అది పైనుంచి వేలాడే ఒక మీటకి కింది చివర. పైన ఒక ఇరుసు, ఆ ఇరుసు చుట్టూ ప్లాస్టిక్ బుష్, అంటే రాపిడి తగ్గించే చిన్న తొడుగు. ఇరుసుకి కాస్త కిందుగా ఒక పిన్నుతో లోపలికి వెళ్లే కడ్డీ తగిలించి ఉంటుంది. కాలు తీయగానే పెడల్ వెనక్కి రావడానికి స్ప్రింగు ఉంటుంది. పక్కనే వెనక ఎర్రలైటు వెలిగించే స్విచ్చి ఉంటుంది. మన పాదం వేసిన బరువుని ఆ మీట నాలుగైదు రెట్లు చేసి లోపలికి పంపుతుంది. ఇరవై రెండేళ్లలో ఎన్ని లక్షలసార్లు తొక్కి ఉంటానో మీరే ఊహించండి. గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది. గోరంత బుష్ ఒక పక్కకి అరిగిపోయి ఇనుము ఇనుముకి తగులుతోంది. పెడల్‌ని పట్టుకుని అటూ ఇటూ పక్కలకి కదిపితే లొడలొడలాడింది. దోషి అదే. నా ప్యాడ్లు, డిస్కులు, షూలు అన్నీ నిరపరాధులు.

కాబట్టి నా మాటగా ఒకటి గుర్తుపెట్టుకోండి. చప్పుడు వస్తే ముందు బండిని చదునైన చోట ఆపండి. చక్రాలకి అడ్డు పెట్టండి, ఇంజిన్ ఆపండి, అద్దాలు ఎత్తండి, పాటలు కట్టేయండి. పెడల్‌ని మెల్లగా తొక్కి మెల్లగా వదలండి. వచ్చిందా? వస్తే చక్రం తిరగడంతో దానికి సంబంధం లేదు. రాకపోతే అప్పుడు చక్రాల సంగతి చూడండి. ప్యాడ్లు కొనేముందు ఈ రెండు నిమిషాల పని చేయండి. మళ్లీ చెప్తున్నాను, కొనేముందు.

ఇక్కడో మెలిక ఉంది, చెప్పకపోతే మోసం చేసినవాణ్నవుతాను. ఆగిన బండిలో కిర్రుమంటే ప్రతిసారీ పెడలే దోషి అనుకోకండి. వెనక డ్రమ్ములున్న బండ్లలో, బ్రేకు షూ అంచులు వెనకున్న రేకు మీద ఆనుకుని జరుగుతాయి. ఆ ఆనే చోట్ల గ్రీజు ఎండితే చక్రం తిరగకపోయినా అవి కిర్రుమంటాయి, ఆ చప్పుడు లోపలికి వినిపిస్తుంది. అందుకే ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు బయట ఒక్కో చక్రం దగ్గర చెవి పెట్టాలి. గజం పొడవు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర అనుమానం ఉన్న చోట పెడితే డాక్టరు స్టెతస్కోపులా పనిచేస్తుంది. బండి కిందికి మాత్రం ఎవరూ దూరకండి.

కిర్రు కాకుండా "టక్" అని, తొక్కినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి వస్తే కడ్డీని పెడల్‌కి కలిపే పిన్ను చూడండి. రంధ్రం అరిగిపోయి ఉంటుంది. ఇది నవ్వులాట కాదు. ఆ పిన్ను జారిపోకుండా స్ప్లిట్ పిన్ అనే చీలిన సన్నటి తీగ ఒకటి ఉంటుంది. అది ఊడిపోయి ఉంటే బండి అక్కడే ఆపేయండి. పిన్ను జారిందా, పెడల్‌కీ బ్రేకుకీ మధ్య ఇక ఏమీ ఉండదు. చిన్నగా "టిక్" అంటే మాత్రం అది లైటు స్విచ్చి, దాన్ని వదిలేయండి. బాగా పాత బండ్లలో పెడల్ బిగించిన రేకే పగులుతుంది. తొక్కినప్పుడు ఆ రేకు ఊగి మూలుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. దానికి గ్రీజు మందు కాదు, వెల్డింగు తెలిసినవాడి చెయ్యి పడాలి.

గ్రీజు అన్నాను కాబట్టి ఇంకో మాట. డబ్బాలో వచ్చే పల్చటి ఆయిల్ స్ప్రే చేతిలో ఉంటే చాలు, మనవాళ్లు ఇల్లంతా కొట్టేస్తారు. పెడల్ ఇరుసు మీద కొడితే చప్పుడు ఆ పూటకి ఆగుతుంది, కొన్నాళ్లకి మళ్లీ మొదలవుతుంది. ప్లాస్టిక్ బుష్‌కి సిలికోన్ గ్రీజు నప్పుతుంది. బ్రేకు లోపలి రబ్బరుకి మామూలు పెట్రోలియం గ్రీజు తగలనీయకండి, అది ఉబ్బిపోతుంది. ప్యాడు మీద నూనె చుక్క పడిందా, ఆ ప్యాడు పారేయాల్సిందే.

చప్పుళ్ల గోల మనతో మొదలైంది కాదు లెండి. డిస్కు బ్రేకు పుట్టినప్పుడే అరుస్తూ పుట్టింది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడింది రాగి ప్యాడ్లు. రాగి వెళ్లి లోహపు డిస్కుని పట్టుకుంటే ఎలా ఉంటుంది? వీధి వీధంతా చెవులు మూసుకునే గోల. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఆస్బెస్టాస్ పొర వేసి ఆ అరుపు తగ్గించాడు. ఆయన ఇంటిపేరు అక్షరాలనే అటూ ఇటూ మార్చి, ఇంకో అక్షరం కలిపితే వచ్చిందే బ్రేకు ప్యాడ్ల కంపెనీ పేరు ఫెరోడో. ఆ అరుపు మాత్రం పూర్తిగా పోలేదు. కమాను లాగితే ఫిడేలు తీగ ఎలా మోగుతుందో, ప్యాడు కూడా డిస్కుని పట్టీ వదిలీ, పట్టీ వదిలీ అలాగే మోగిస్తుంది. ఫిడేలుకి చప్పట్లు కొడతాం, ప్యాడుని తిట్టుకుంటాం.

ఆస్బెస్టాస్ మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను, వినండి. చాలా పాత బండ్ల షూలలో, ప్యాడ్లలో అది ఉండేది. డ్రమ్ము విప్పి నల్లటి ధూళిని నోటితో "ఉఫ్" అని ఊదేవాళ్లని నేను చూశాను, గాలి పైపు పెట్టి కొట్టేవాళ్లనీ చూశాను. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిగుడ్డతో తుడవండి. పిల్లల్ని దూరంగా పంపండి.

చక్రం చప్పుళ్లు గబగబా చెప్పేస్తాను. బండి నడుస్తుంటే సన్నగా "కీచ్" మంటూ ఉండి, బ్రేకు తొక్కితే మారడమో ఆగడమో జరిగితే అది చాలా బండ్లలో ప్యాడు అరిగిందని చెప్పే ఇనప నాలుక. ఆ నాలుక డిస్కుకి తగిలేసరికి ప్యాడులో రెండు మూడు మిల్లీమీటర్లే మిగిలి ఉంటుంది. "గరగర" అంటే ఆ హెచ్చరిక దశ కూడా దాటిపోయారు, ఇనుము ఇనుముని తింటోంది. వాన పడిన మర్నాడు పొద్దున్న నాలుగు బ్రేకుల పాటు గరగరలాడి ఆగిపోతే అది డిస్కు మీది పల్చటి తుప్పు, కంగారు పడకండి. రివర్స్ చేసి ముందుకెళ్లి మొదటిసారి తొక్కగానే "టప్" మంటే ప్యాడు తన చోట్లో అటూ ఇటూ జరుగుతోంది, క్లిప్పులు చూడండి. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ "గ్రర్" అంటూ పాదం కింద వణికితే అది ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు. దానికి భయపడి కాలు తీయకండి.

ఇక మిగిలింది "ఉస్స్". ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

బుష్ మార్చుకున్నాక నేను పెద్ద నిపుణుణ్నయిపోయాను. ఎవరి బండి ఎక్కినా చెవి పెట్టేవాణ్ని. అలాంటి రోజుల్లో మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని, "ఏమండీ, మీరు బ్రేకు తొక్కితే పాము బుసకొట్టినట్టు వస్తోంది" అంది. నేనేమన్నానో తెలుసా? "పాత బండి కదా, అలాగే ఉంటుంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందండీ!

పెడల్ వెనక బూస్టర్ అని ఒక పెద్ద గుండ్రటి డబ్బా ఉంటుంది. లోపల రబ్బరు పొర. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే శూన్యాన్ని ఆసరా చేసుకుని అది మన కాలికి సాయం చేస్తుంది. తొక్కగానే చిన్నగా "ఉస్" అని ఆగిపోతే మామూలే, లోపలికి గాలి వెళ్తున్న చప్పుడది. కాలు అలాగే అదిమి ఉంచినా ఉస్స్‌స్ అంటూనే ఉంటే పొర చిరిగిందో, కవాటం పాడైందో. బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజిన్ తడబడిందంటే అనుమానం మరీ గట్టిపడుతుంది. నా బండి తడబడుతూనే ఉంది. నేను విననట్టు ఊరుకున్నాను.

ఒక వాలులో దిగుతున్నాను. ముందు వెళ్తున్న బండి ఆగింది. తొక్కాను. పెడల్ దుంగలా బిగుసుకుపోయింది. బ్రేకు పూర్తిగా పోలేదు, సాయం పోయింది. సీటు వెనక్కి వీపు ఆనించి, రెండు కాళ్లూ దాని మీద పెట్టి తొక్కితే, ముందు బండికి జానెడు దూరంలో ఆగింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

దాన్ని పరీక్షించడం పిల్లాడు కూడా చేయగలడు. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే అదిమి పట్టి ఇంజిన్ వేయండి. కాలి కింద పెడల్ కొంచెం దిగిందా, బూస్టర్ పనిచేస్తోంది. కదలకపోతే వర్క్‌షాపుకి వెళ్లండి, వెళ్లేటప్పుడు మెల్లగా వెళ్లండి. అదిమి ఉంచితే పెడల్ ఆగకుండా మెల్లగా కిందికి కుంగిపోతుంటే అది బూస్టర్ కాదు, మన కాలి ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కి అందించే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు. అది చప్పుడు కూడా చేయదు. పెడల్ వెనక గోడ మీదో, కాళ్ల దగ్గర పట్టా మీదో బ్రేక్ ఆయిల్ తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది.

వర్క్‌షాపులో "సౌండ్ వస్తోంది" అని మాత్రం చెప్పకండి. కిర్రు, కీచు, గరగర, టక్కు, టప్పు, ఉస్సు అని మనకి ఇన్ని మాటలుండగా ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవడమేంటి? సిగ్గుపడకుండా నోటితో ఆ చప్పుడు చేసి చూపించండి. తొక్కినప్పుడా, వదిలినప్పుడా, ఆగినప్పుడా, తిరిగేటప్పుడా చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. వాళ్లు చక్రం విప్పబోతే, "ముందు బండి ఆపి పెడల్ తొక్కి చూద్దాం" అని వాళ్ల పక్కన నిలబడండి. అందరు మెకానిక్‌లూ ఒకలాంటివాళ్లు కారు. ఆ బుష్ మార్చిన ముసలాయన నేను చేసిన కిర్రు విని, బానెట్ కూడా తీయకుండా తిన్నగా స్టీరింగు కిందికే దూరాడు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఇంజిన్, బ్యాటరీ, టైర్లు ఇంకోసారి చూద్దాం. ఇప్పుడు మనందరం బయటికి వెళ్లి, ఆగి ఉన్న బండ్లలో ఒక్కసారి కూర్చుందాం. వెనక వరస బాబూ, ముందు నీ బండి. టార్చి లైటు ఎవరి దగ్గరుంది?